టేకు దర్వాజకు నీలం రంగు

టేకు దర్వాజకు రంగేసిన పిచ్చిది ఎక్కడన్నా ఉందంటే అది నేనే. వేప కట్టెకు రంగేస్తారు, మద్ది కట్టెకు వేస్తారు. టేకుకు మాత్రం వార్నిష్ పూసి, వచ్చినవాళ్లందరికీ దాని గీతలు చూపించి మురుస్తారు. ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా వేశాను, దాంతో మా ఇంటాయన ప్రాణం మీదికి వచ్చింది.

మా పెళ్లప్పుడు పిల్లగాడు డ్రైవర్ అని చెప్పారు. అబద్ధం చెప్పలేదు. ఆయన వ్యాన్ నడిపేవాడు. పైన కూరగాయల గంపలు, కింద టేకు దుంగలు. జైనూర్ దిక్కు గుట్టల్లో ఒకరు చెట్టు కొడితే ఇంకొకరు దుంగలు మోసి దారికి చేర్చేవారు. అక్కడి నుంచి కరీంనగర్ కోత మిషన్ల దాకా తీసుకుపోయే పని ఈయనది. వీళ్లందరి మీద ఒక మనిషి ఉండేవాడు. అందరూ ఆయన్ని పెద్దన్న అనేవారు. ఆ లెక్కన నాకు బావ అవుతాడు. కానీ నేను ఎప్పుడూ అన్నా అనే పిలిచాను. బావా అంటే చనువు పెరుగుతుంది, చనువు పెరిగితే నాక్కూడా ఏదో ఒక పని చెప్తాడని భయం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. 'దీనికి నీళ్లిచ్చినా వాసన చూసే తాగుతది' అనేది మా అవ్వ. మా ఆయన దానికి పూర్తిగా ఉల్టా. ఒక మనిషిని నమ్మాడంటే ఆ మనిషి ఎదురుగా నిలబడి అబద్ధమాడినా తప్పు తనదే అనుకుంటాడు. అడివిలో పాము కరిచినప్పుడు పెద్దన్న ఆయన్ని భుజాన వేసుకుని దవాఖానకు తెచ్చాడట. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దేవుని మీద కూడా నీకు ఇంత నమ్మకం లేదని ఒకసారి అన్నాను. చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెద్దన్నకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన మనిషి ఒక వానకాలం పట్టుబడకుండా, నోరు జారకుండా గడిపితే, ఆ మనిషి ఇంటికి కడప, తలుపులతో సహా టేకు దర్వాజ చేయించి పంపేవాడు. దర్వాజ ఉన్నవాడే మనవాడు. నిలబెట్టే రోజు తనే వచ్చేవాడు. హిందువుల ఇళ్లలో కడపకు పసుపు రాసి, మామిడాకులు కట్టి నిలబెట్టేవారు. మాది మిషనరీల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం కాబట్టి పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశారు. పెద్దన్న కూడా చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఈ ఇంటిని చల్లగా చూడమని పాస్టరయ్య అడుగుతుంటే నేను మాత్రం ఒక కన్ను తెరిచి ఆ కట్టె మీద ముద్ర కోసం వెతికాను. సర్కారు డిపోలో కొన్న టేకు అయితే ఫారెస్టోళ్ల సుత్తి ముద్ర ఒక మూలన ఉంచుకుంటారు, ఎవరన్నా అడిగితే చూపించడానికి. దీని మీద ఏ ముద్రా లేదు.

మా ఆయన దాన్ని ప్రేమ అనుకున్నాడు. నాకట్లా అనిపించలేదు. ముద్ర లేని కట్టెను ఇంటి ముందర నిలబెట్టుకున్నవాడు రేపు ఎవరి మీద ఫిర్యాదు చేయగలడు? నోరు తెరిస్తే ముందు తన దర్వాజే తనను పట్టిస్తుంది. 'ఇది దర్వాజ గాదు, ముక్కుతాడు' అన్నాను. 'నీకు మంచి జేసినోళ్లు గూడ దొంగల్లెక్కనే కనవడ్తరా' అన్నాడు. దొంగలే కదా అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

కొన్నేళ్లకు కాలం మారింది. అడివిలో లావుపాటి టేకు అయిపోతూ వచ్చింది, చెక్‌పోస్టుల దగ్గర కెమెరాలు పెట్టారు. పెద్దన్న దగ్గరికి చెన్నూరు దిక్కు నుంచి ఇస్త్రీ చొక్కాల మనుషులు రావడం మొదలైంది. వాళ్లది పత్తి గింజల దందా. సర్కారు వద్దన్న విత్తనాలను గోదావరి అవతలి నుంచి తెచ్చి, మెరిసే ప్యాకెట్లలో పోసి రైతులకు అంటగడతారు. దానికి గొడ్డళ్లు అక్కర్లేదు, దుంగలు మోసే భుజాలూ అక్కర్లేదు. పెద్దన్న పాతవాళ్లను ఇంటి ముందర బల్ల మీద కూర్చోబెట్టి, కొత్తవాళ్లను లోపలికి తీసుకుపోయేవాడు. 'ఆయన బిజీ ఉన్నడు' అని మా ఆయన తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. బయట కూర్చున్నవాడికి లోపల ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదని నా గోల.

ఆ ఏడు డిసెంబరులో సంఘంలోని ఆడవాళ్లమంతా కలిసి చర్చి కిటికీలకు రంగు వేశాం. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం, తలుపులకు రంగు వేయడం మా వాళ్ల అలవాటు. రంగు వేయని ఇంటి ముందుకు పాటలు పాడేవాళ్లు వస్తే సిగ్గుగా ఉంటుంది. డబ్బాలో నీలం రంగు కొంత మిగిలింది. మూత తీసిన రంగు ఎండిపోతుంది, పారేయడానికి నాకు మనసొప్పదు. మా గోడలకు సున్నం వేశాక చూస్తే, తెల్లటి గోడ మధ్యలో ఆ దర్వాజ మురికిగా కనిపించింది. ఆయన కరీంనగర్ పోయిన రోజు కొంగు బిగించి పైనుంచి కింది దాకా పూత మీద పూత పూశాను. నిజం చెప్పాలంటే ఆ కట్టె మొహం రోజూ చూడటం నాకు ఇష్టం లేదు, అది కూడా ఒక కారణమే.

ఆయన తిరిగి వచ్చి, వాకిట్లో వ్యాన్ ఆపి, దిగకుండా అట్లాగే చూశాడు.

'టేకుకు రంగేస్తరా ఎవలన్న?'

'పండుగ గద.'

'పెద్దన్న జూస్తె ఏమనుకుంటడు?'

'మంచిగుందంటడు' అన్నాను. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారంలోనే ఫారెస్టోళ్లు ఊరి మీద పడ్డారు. పట్టపగలు, జీపుల్లో వచ్చారు. ఇదివరకు వస్తే చేన్లలో పూడ్చిన దుంగలు వెతికేవారు, గడ్డివాములు పొడిచి చూసేవారు. ఈసారి అవేవీ ముట్టలేదు. తిన్నగా పెద్దన్న మనుషుల ఇళ్లకే పోయి, దర్వాజల ముందే ఆగారు. గడ్డపారలతో గోడలు పొడిచి, దర్వాజలు ఊడబీకి ట్రాక్టర్‌లో వేశారు. దొరికిన మగవాళ్లను జీపెక్కించారు. మా ఇంటికీ వచ్చారు. మా ఆయన ఊళ్లో లేడు. బీట్ ఆఫీసర్ కర్రతో దర్వాజను తట్టి, 'ఏం కట్టెమ్మా' అన్నాడు. 'యాప కట్టె సారూ' అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికి అదే వచ్చింది. ఆయన రంగు మీద గోరుతో గీకాడు. కొత్త పూత గట్టిగా పట్టుకుంది. టేకుకు రంగేసే మనుషులు ఉంటారని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. నా మొహం ఒకసారి చూసి ముందుకు పోయాడు.

మా పక్కింట్లో దుంగలు మోసేవాడి భార్య ఉండేది. నాకంటే చిన్నది, పొద్దున లేస్తే అక్కా అక్కా అంటూ మా ఇంట్లోనే ఉండేది. వాళ్ల ఇంటికి దర్వాజ ఉన్నచోట పెద్ద బొంద మిగిలింది. ఆ సాయంత్రం అందులో పాత చీర అడ్డం కడుతుంటే సాయం పోయాను. నా చేతిలోంచి చీర అంచు లాక్కుంది.

'నీకు ముందుగాల్నే ఎర్కనే గద అక్కా' అంది.

'ఏం ఎర్క?'

'టేకుకు ఉత్తగనే ఎవ్వలు రంగెయ్యరు.'

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. చర్చిలో మిగిలిన రంగు అని నేను ఎంత చెప్పినా ఎవరు నమ్ముతారు? అందరి దర్వాజలూ పోయాయి, మాది ఒక్కటే నిలబడి ఉంది. వాళ్ల చోట నేనుంటే అందరికంటే ముందు ఆ ఇంటిని నేనే అనుమానించేదాన్ని. అందుకే ఆమె మీద కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

జీపెక్కినవాళ్లు పూచీకత్తు మీద తిరిగి వచ్చాక మా ఆయనతో మాటలు బంద్ చేశారు. హోటల్‌లో ఈయన చాయ్‌కి కూర్చుంటే వాళ్లు గ్లాసులు వదిలి లేచిపోయేవారు. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. పొద్దున్నే ఈయన వ్యాన్ కిందికి దూరి బ్రేకు పైపులు తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఏంటని అడిగితే ఆయిల్ కారుతోంది అన్నాడు. నేల మీద చుక్క కూడా లేదు. 'నా మీదనే డౌటు వడ్తుండ్రే' అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అనుమానించడమే తప్ప అనుమానింపబడటం అలవాటు లేని నాకు ఆయన్ని ఎట్లా ఓదార్చాలో తోచలేదు.

నాకు ఇంకో సంగతి పదే పదే గుర్తుకొచ్చేది. వీళ్ల బండిలో ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, నడపడానికి ఒకరు, దారి చూడటానికి ఒకరు. ఒంటరిగా ఎవరినీ పంపరు. ఒక్కసారి మాత్రం, జైనూర్ దిక్కు మనిషి ఒకడు ఫారెస్టోళ్లతో మాట్లాడుతున్నాడని పుకారు లేచినప్పుడు, అతన్ని ఒక్కణ్నే ట్రాక్టరిచ్చి పంపారు. ఘాట్ మలుపులో తిరగబడ్డదన్నారు. చావుకు అందరూ పోయారు. దినాలకు పెద్దన్న బియ్యం పంపాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అంతలో పెద్దన్న కబురు పెట్టాడు, క్రిస్మస్ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తానని. మా ఆయన మొహం వెలిగిపోయింది. 'జూసినవా, పెద్దన్న మనసుల ఏం లేదు' అన్నాడు. అనుమానం ఉన్న ఇంట్లో పెద్దన్న మంచినీళ్లు కూడా ముట్టడని అందరూ అనుకునే మాట. నేను యాటకూర, బగారన్నం వండానే కానీ, చర్చిలో పాట పాడుతున్నా నా ధ్యాస అంతా ఆయన తింటాడా తినడా అన్నదాని మీదే ఉంది.

చొక్కా మడత నలగని ఇద్దరు కొత్తవాళ్లను వెంటేసుకుని వచ్చాడు. లోపలికి రాకుండా కడప దగ్గర ఆగి, రంగు మీద బొటనవేలు పెట్టి రాశాడు.

'మంచిగేసినవ్ చెల్లె. ఎవలు జెప్పిండ్రు?'

'ఎవ్వలు జెప్పలే అన్నా. చర్చిల మిగిలింది, పండుగకు ఏసిన.'

'మంచి పని జేసినవ్' అని నవ్వి లోపలికి వచ్చాడు.

తిన్నాడు. కడుపునిండా తిన్నాడు, కూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు. మా ఆయన ఆయన కంచం వైపే చూస్తూ తన కంచంలో చేయి పెట్టడం మర్చిపోయాడు. చేయి కడుక్కుని తువాలుతో తుడుచుకుంటూ పెద్దన్న అన్నాడు, 'పండుగ ఎల్లినంక చెన్నూరు దిక్కు ఒక లోడున్నది తమ్మీ. కొత్త పని. నమ్మకమున్నోడు గావాలె.'

'నేను వోత పెద్దన్నా' అన్నాడు ఈయన, మాట పూర్తికాకముందే.

'ఎంబడి ఎవలొస్తరన్నా?' అని అడిగాను. మగవాళ్ల మాటల్లో ఆడవాళ్లు కలగజేసుకుంటే ఆయనకు నచ్చదు. అయినా నవ్వాడు.

'నమ్మకమున్నోనికి ఎంబడి ఇంకొకడెందుకు చెల్లె? ఒక్కడే వోతడు. నువ్వేం ఫికర్ జెయ్యకు.'

జైనూర్ మనిషిని కూడా ఒక్కణ్నే పంపారు. తిన్నవాడు నమ్మినట్టే అని మా ఆయన సంబరం. అనుమానం ఉన్న ఇంట్లో తినడు అన్న పేరు ఉన్నవాడు, అనుమానం ఉన్నప్పుడు కావాలనే తినొచ్చని ఆయనకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాలేదు.

పండుగ మరునాడు తెలిసినవాళ్ల ఇళ్లకు గరిజెలు, కేకు పంచుతాం. ఆ వంకతో ఖానాపూర్‌లో పెద్దన్న ఇంటికి పోయాను. ఆయన భార్య మెత్తని మనిషి, వదినా అని పిలిచేదాన్ని. ఆమె చేతులు పట్టుకుని బతిమాలుదామని తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు. కానీ వాకిట్లో నిలబడగానే నా కన్ను దర్వాజ మీద పడింది. ఆ ఇంటికి నెమళ్లు చెక్కిన దర్వాజ ఉండేది, దాన్ని చూడటానికే కొందరు వచ్చేవారు. ఇది అది కాదు. ఏ చెక్కుడూ లేని కొత్త టేకు. వంగి చూశాను. కింది మూలన ఫారెస్టోళ్ల సుత్తి ముద్ర ఉంది.

'దర్వాజ మార్చిండ్రా వదినా?'

'దసరకే మార్చిండు. పాతదానికి చెదలు వట్టిందన్నడు. నెమళ్లు మంచిగుండె, నాకైతే పానం ఒప్పలే.'

'టేకుకు చెదలా?' అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత గరిజెల పళ్లెం వైపు చూసింది. 'పొద్దువోతున్నది, నువ్వు జర జల్ది ఇంటికి వో' అని పళ్లెం ఖాళీ కూడా చేయకుండా నా చేతికి ఇచ్చేసింది.

కంచే చేను మేసింది. అడివి అయిపోయింది, పాతవాళ్లు బరువయ్యారు. వాళ్లను తనే అప్పగించి, తన ఇంటిని ముందే శుభ్రం చేసుకుని, కొత్త దందాలోకి పోతున్నాడు. దర్వాజలు ఎవరెవరి ఇళ్లకు ఉన్నాయో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయితే చెప్పింది ఎవరని పాతవాళ్లు అడుగుతారు, చూపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని వెతుక్కునే పని లేకుండా, నీలం రంగు పూసి నేనే చూపించాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. కొత్త దర్వాజ, ముద్ర, చెదలు, వదిన మొహం, ఏదీ వదల్లేదు. 'పెద్దన్న గట్ల జెయ్యడు' అన్నాడు. వాకిట్లోకి పోయి కాసేపు వ్యాన్ దగ్గర నిలబడి మళ్లీ వచ్చాడు.

'ఒక్క మాట అడుగుత, నిజం జెప్పు. రంగెయ్యుమని నీకు ఎవలన్న జెప్పిండ్రా?'

ఊరంతా అడిగినా తట్టుకున్నాను. ఆయన అడిగేసరికి నా నోట మాట రాలేదు. నేను మాట్లాడకపోవడాన్ని కూడా ఆయన ఇంకో రకంగా చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అంత బాధ నాకు మా అవ్వ పోయినప్పుడు తప్ప ఎప్పుడూ కాలేదు.

చెన్నూరు పోయే రోజు దగ్గర పడింది. వ్యాన్ తాళంచెవి దాచిపెట్టాను, వెతికి తీసుకున్నాడు. నేనూ వస్తానన్నాను, వద్దన్నాడు. పాస్టరయ్యతో చెప్పిస్తే తల ఊపి, ఆయన అటు పోగానే వ్యాన్ తుడుచుకోవడానికి పోయాడు. ఈ మనిషిని మాటలతో ఆపలేనని తేలిపోయింది. అప్పుడు సంచి తీసుకుని అంగడికి పోయాను.

బీట్ ఆఫీసర్ వారం వారం అంగడికి వస్తాడని నాకు తెలుసు. వంకాయలు ఏరుకుంటున్నాడు. నేనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

'సారూ, ఆనాడు యాప కట్టె అన్న గద. యాప గాదు' అన్నాను, తలెత్తకుండా.

ఆయన చేతిలో వంకాయ అట్లాగే ఉండిపోయింది. 'ఎందుకు చెప్తున్నవమ్మా?'

'అందరియి తీస్కపోయిండ్రు. మాది గూడ తీస్కపోండ్రి.'

'నీ మొగని మీద కేసైతది, ఎర్కేనా? జైలుకు వోతడు.'

'వోనియ్యిండ్రి సారూ. జైల్ల ఉంటె పానంతోని ఉంటడు. జల్ది రాండ్రి' అన్నాను. అరకిలో వంకాయలు తూకం వేయించుకుని ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున్నే వచ్చారు. ఈసారి ఆయన గోరుతో కాదు, కత్తితో గీకాడు. నీలం కింద టేకు బయటపడింది. గడ్డపార దెబ్బకు నేను వేసిన సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. మా ఆయన జీపు ఎక్కుతూ చుట్టూ చేరిన పాతవాళ్ల మొహాలు చూశాడు. వాళ్లు చాలా రోజుల తర్వాత ఆయన కళ్లలోకి చూశారు. మనవాడే అన్నట్టు ఒకడు వచ్చి భుజం మీద చేయి వేశాడు. పక్కింటామె చీర తెచ్చి మా గోడ బొందకు అడ్డం కట్టింది. 'ఆనాడు ఉత్తగనే అన్న అక్కా' అని నా చేయి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె అనుకున్న కారణం వేరు, నా కారణం వేరు.

ఆదిలాబాద్ జైల్లో కొన్నాళ్లు ఉండి వచ్చాడు, చిక్కిపోయి. పెద్దన్న వకీలును పెట్టాడు. 'జూసినవా, మరువలే' అన్నాడు ఈయన. కేసు ఉన్నవాడు కొత్త దందాలో పనికిరాడని పెద్దన్న మళ్లీ పిలవలేదు, ఆ సంగతి మాత్రం ఈయన నాకు చెప్పలేదు. చెన్నూరు లోడుకు తర్వాత ఇంకెవరినీ పంపలేదని పక్కింటామె మాటల్లో తెలిసింది. అసలు లోడంటూ ఉందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇప్పుడు ఆయన వరికోత మిషన్ నడుపుతున్నాడు. మా ఇంటికి ఇనుప దర్వాజ పెట్టించాం. అంతా సద్దుమణిగిందనే అనుకున్నాను. మొన్న అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు, 'యాప అని ఎల్లిపోయినోళ్లు మల్ల ఎందుకొచ్చిండ్రు? మన సంగతి ఎవడో జెప్పిండు.'

'జెప్తె జెప్పిండు. పానంతోని ఉన్నవ్ గద' అన్నాను.

'పానం ముచ్చట గాదు. నమ్మకం ముచ్చట. వాడు దొరికితె ఇడువ.'

అని నా వైపు చూశాడు. తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నాకు అందలేదు. నీళ్లకు కూడా వాసన చూసే నేను, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. ఆ మనిషి బతికి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు, నాకు కావలసింది అదే. కానీ ఒక్క ఆలోచన మాత్రం పోవడం లేదు. చెప్పింది పెద్దన్న అని రేపు తేలితే, ఈయన ఏదో ఒక కారణం తనే వెతికి పెట్టి ఊరుకుంటాడు. చెప్పింది నేనని తేలితే, ఎందుకు చెప్పినవని అడుగుతాడో లేదో నాకు తెలియదు.